మూయకూడని విండో

మస్కట్‌లో నా ఉద్యోగం అయిపోయింది. ఆఖరి రోజు శాలువా కప్పారు, కేకు కోయించారు. మా మేనేజరు మాట్లాడుతూ నాది కాకినాడని, నాకు చాయ్ అంటే ప్రాణమని, నేను ఎవరినీ నొప్పించే మనిషిని కానని చెప్పారు. మొదటి రెండూ నిజమే. ఇన్నేళ్లూ నేను చేసిన పని ఏమిటో మాత్రం ఆయన చెప్పలేకపోయారు. "మేడమ్ సిస్టమ్స్ చూసుకునేవారు" అనేసి చేతులు దులుపుకున్నారు.

ఇప్పుడు ఇక్కడ మస్కట్‌లోనే, దార్సైట్‌లో, మా బిల్డింగు పిల్లలు ఇద్దరు ఇంజనీరింగు పూర్తి చేసి ఇదే పనిలో చేరుతున్నారు. "ఆంటీ, టూల్‌చెయిన్ పనికి ఏం చదవాలి?" అని అడిగారు. ఏం చదవాలో మీ ఫోన్లే చెబుతాయి. ఏం నమ్మకూడదో నేను చెబుతాను.

పని ఏమిటంటే

మా ఆఫీసు అల్ మవాలేలో, టైల్స్ షాపుల వెనక వీధిలో. కొండల్లోని ఊళ్లకు నీళ్లెక్కించే పంపులకు చిన్న కంట్రోలర్లు చేసేవాళ్లం. ట్యాంకు నిండితే పంపు ఆపాలి, ఖాళీ అయితే నడపాలి. ఆ ప్రోగ్రాము మనం రాసే భాష వేరు, కంట్రోలర్‌లోని చిప్పుకు అర్థమయ్యే భాష వేరు. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చేది కంపైలరు. దానికి తోడు అసెంబ్లరు, లింకరు, లైబ్రరీలు ఉంటాయి. అన్నీ కలిపితే టూల్‌చెయిన్. ఆ టూల్‌చెయిన్‌ను సోర్సు, అంటే దాని మూల రాత, నుంచి కట్టడమే నా ఉద్యోగం.

దాన్ని దశలవారీగా కడతారు. మొదటి దశలో అసెంబ్లరు, దాని సాయంతో సగం కంపైలరు, ఆ సగంతో లైబ్రరీ, లైబ్రరీ వచ్చాక పూర్తి కంపైలరు. ప్రతి దశకూ ముందు దశలో చేసిన పనిముట్టు కావాలి. అది ఎక్కడుందో, కొత్తది ఎక్కడ పెట్టాలో, ఏ చిప్పు కోసం కడుతున్నామో చెప్పేవి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. మనం ఆదేశాలు టైపు చేసే నల్ల విండో ఉంటుంది కదా, షెల్, అందులో ఇవి ముందే కూర్చుని ఉంటాయి. ప్రోగ్రాములు నోరు తెరిచి అడగవు, వాటిని చూసుకుని నడిచిపోతాయి. మీ వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో మీరు చూడకుండానే చెయ్యి చాస్తారు. పక్కింటి వంటింట్లోనూ అలాగే చాస్తే చేతికి సోడా పొడి తగులుతుంది. ఈ వృత్తిలో వచ్చే కష్టాలన్నీ దాదాపు ఇలాంటివే.

చలపతి గారి విండో

చలపతి గారిది తెనాలి. నాకంటే ముందు నుంచీ ఆ ఆఫీసులో ఉన్నారు. తెలివైన మనిషి, కాదనను. ఆయన సీటు పక్కన ఒక మెషీన్ ఉండేది. అందులో ఒక షెల్ విండో ఎప్పుడూ తెరిచే ఉండేది. టూల్‌చెయిన్ కట్టడానికి కావలసిన వేరియబుల్స్ అన్నీ ఆయన ఏనాడో ఆ విండోలో చేత్తో టైపు చేశారు. ఏ ఫైల్లోనూ రాయలేదు. విండో మూస్తే అన్నీ పోతాయి. కాబట్టి విండో మూయకూడదు. కాబట్టి చలపతి గారిని కదపకూడదు. ఈ రెండో వాక్యం ఆయన ఎప్పుడూ పైకి అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు.

మానిటర్ మీద ఒక కాగితం అంటించి ఉండేది. "ఈ విండో మూయవద్దు" అని ఇంగ్లీషు, హిందీ, మలయాళం, తెలుగు భాషల్లో. తెలుగు అక్షరాలు పెద్దవి, కింద గీత కూడా ఉంది. మెషీన్‌కు ప్రత్యేకంగా యూపీఎస్ కొన్నారు. కరెంటు పోతే లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నా ముందు ఈ మెషీన్ దగ్గరికి పరిగెత్తేవాళ్లు. దసరాకి దానికి బొట్టు పెట్టి, మల్లెపూల దండ వేసి, నిమ్మకాయ పెట్టేవాళ్లు. పూజ చేయకూడదని నేననను. పూజ చేసేదాన్ని ఒక ఫైల్లో రాసి కూడా పెట్టుకోవచ్చు కదా అన్నాను. చలపతి గారు నావైపు జాలిగా చూసి, "అన్నీ రాతలో రావండీ విజయ గారూ, కొన్ని చేతిలో ఉంటాయి" అన్నారు.

ఒక ఏడు ఖరీఫ్ అని ఇక్కడివాళ్లు పిలిచే వానలు చూడటానికి ఆయన కుటుంబంతో దక్షిణాన సలాలా వెళ్లారు. అక్కడ మంచు, జల్లు, పచ్చటి కొండలు, రోడ్డు పక్క కొబ్బరిబొండాల బళ్లు. ఆయన బొండాం చేత్తో పట్టుకుని నాకు ఫోన్ చేసి, "విండో ఉందాండీ?" అని అడిగారు. ఉందన్నాను. "ఒకసారి చూసి చెప్పండి" అన్నారు. వెనక నుంచి వాళ్లావిడ "నీళ్లు కారిపోతున్నాయి, ముందు తాగండి" అనడం నాకు వినిపించింది.

నవ్వుతున్నాను గానీ ఆయన భయం నాకు తెలుసు. ఏటా ఒకటో రెండో కుర్చీలు స్థానికులకని ఖాళీ చేయిస్తున్నారు. ఇది వాళ్ల దేశం, వాళ్ల పిల్లలకు ఉద్యోగాలు కావాలి, అందులో తప్పేముంది. కానీ ఆ కుర్చీ మనదైతే గుండెల్లో రాయి పడుతుంది. చలపతి గారు ఆ రాయికి విండో అని పేరు పెట్టుకున్నారు. పిల్లలూ, మీరు అలా పెట్టుకోకండి. మిమ్మల్ని తీసేస్తే పని ఆగిపోయేలా చేసుకోవడం బలం అనిపిస్తుంది. దాని వల్ల మీరు బొండాం నీళ్లు కూడా ప్రశాంతంగా తాగలేరు.

ఎవరూ చెరపని లైన్లు

ఇక్కడ ఒక చిన్న కేసు చెప్పి ముందుకు వెళ్తాను. గల్ఫ్ ఆఫీసుల్లో మనుషులు వస్తుంటారు, వెళ్తుంటారు. వాళ్లు రాసిన లైన్లు మాత్రం ఎక్కడికీ వెళ్లవు. షెల్ తెరుచుకోగానే చదివే ఫైలు ఒకటుంటుంది. మా ఆఫీసులో అది అందరికీ ఒకటే. అందులో పనిముట్లు వెతకాల్సిన చోట్ల వరస, అంటే పాత్ అనే వేరియబుల్, అంతులేకుండా ఉండేది. వెళ్లిపోయిన ప్రతి ఇంజనీరూ ఒక చోటు చేర్చి వెళ్లాడు. తీసే ధైర్యం ఎవరికీ లేదు. "ఏదో కారణం ఉండే పెట్టి ఉంటాడు" అని ఒకటే మాట. ఆ మనిషి ఆఫీసులో ఉన్నప్పుడు అతని మీద ఎవరికీ అంత నమ్మకం ఉండేది కాదు.

ఆ వరసలో ఒక చోటు ఎప్పుడో తీసిపారేసిన సర్వరు మీద ఉంది. ప్రతి ఆదేశానికీ షెల్ ఆ లేని సర్వరును పలకరించి, జవాబు కోసం ఎదురుచూసి, నిరాశపడి ముందుకు వెళ్లేది. అందరూ నెట్‌వర్క్ స్లో అని తిట్టుకుంటూ చాయ్‌కి వెళ్లేవాళ్లు. నేను ఆ లైను తీసేశాను. పని వేగంగా జరగడం మొదలైంది. నాకు కృతజ్ఞతలు చెప్పినవాళ్లు తక్కువ. చాయ్ టైం పోయిందని మొహం గంటు పెట్టుకున్నవాళ్లే ఎక్కువ.

నెల పేరు

మేనేజర్ల గురించి ఒక మాట. మా మేనేజరు ఖన్నా గారు చెడ్డవారు కాదు. ఆయనకు పని అర్థం కాదు, అర్థం కాలేదన్న సంగతి తెలియకుండా చూసుకోవడంలో మాత్రం దిట్ట. ఆయన వచ్చిన కొత్తలో, "ప్రతి నెలా ప్రోగ్రెస్ కనపడాలి చలపతీ" అన్నారు. చలపతి గారు వెంటనే ఆయన కళ్లకు కనపడే ప్రోగ్రెస్ తయారు చేశారు. టూల్‌చెయిన్‌ను ఆ నెల పేరుతో ఉన్న డైరెక్టరీలో, అంటే ఫోల్డరులో, దించడం మొదలుపెట్టారు. జనవరిలో కడితే జనవరి డైరెక్టరీ, ఫిబ్రవరిలో కడితే ఫిబ్రవరి. లోపల ఉన్నది మక్కీకి మక్కీ ఒకటే కంపైలరు. ఖన్నా గారు ఆ డైరెక్టరీల వరసను పెద్ద ఆఫీసుకు పంపేవారు. వాళ్లు భేష్ అనేవారు. నాకు నవ్వొచ్చేది, కానీ నోరు మెదపలేదు. దీని వల్ల ఎవరికి నష్టం అనుకున్నాను. ఆ నష్టం పేరు షంసా అని తరవాత తెలిసింది.

షంసా

షంసా మా డిపార్ట్‌మెంటుకు వచ్చిన మొదటి ఒమానీ ఇంజనీరు. యూనివర్సిటీలో కంపైలర్ల మీదే ప్రాజెక్టు చేసింది. ఈ పని కావాలని అడిగి మరీ చేరింది. ప్రొబేషన్‌లో ఉంది. ప్రొబేషన్ అయ్యేలోపు పని రాకపోతే రిసెప్షన్ పక్కన ఫైళ్ల సీటుకు మారుస్తారు. వేరే డిపార్ట్‌మెంట్ల నుంచి అలా మారినవాళ్లు అక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లూ ఇంజనీర్లే, ఇప్పుడు స్టాంపులు వేస్తున్నారు. షంసా రోజూ లోపలికి వచ్చేటప్పుడు వాళ్ల ముందు నుంచే వచ్చేది. "నాకు అటు చూడాలంటేనే భయం మేడమ్" అని ఒకసారి నాతో అంది.

ఆ సమయంలోనే కంట్రోలర్లు కొనే నీళ్ల ఆఫీసు వాళ్లు ఒక మెలిక పెట్టారు. చిప్పు చేసే కంపెనీ ఇక తోడ్పాటు ఇవ్వలేనని చేతులెత్తేసింది కాబట్టి, టూల్‌చెయిన్‌ను ఈ దేశంలోనే, ఈ దేశపు ఇంజనీరు, సోర్సు నుంచి, తమ కళ్ల ముందు కట్టి చూపించాలన్నారు. ఖన్నా గారి రంగు మారింది. విండోను తీసుకెళ్లి వాళ్లకు చూపించలేరు. చలపతి గారు చివరికి విండోలో ఉన్నవన్నీ ఒక స్క్రిప్టుగా, అంటే వరసగా నడిచే ఆదేశాల ఫైలుగా, రాయాల్సి వచ్చింది. ఆస్తి పంపకాల్లో సంతకం పెడుతున్నట్టే రాశారు. నెల పేరు డైరెక్టరీని కూడా వదలకుండా రాశారు.

ఆ స్క్రిప్టు ఆయన వాడే ఇంకో మెషీన్ మీద నడిచింది. నా మెషీన్ మీదా నడిచింది. షంసా మెషీన్ మీద మాత్రం రెండో దశలో పడిపోయింది. అసెంబ్లరు ఏదో ఆదేశం అర్థం కావడం లేదని అరుస్తోంది. షంసా మొదటి నుంచి మళ్లీ కట్టింది, మళ్లీ అక్కడే పడింది. సోర్సు కొత్తగా దించుకుంది, అదే చోట పడింది.

చలపతి గారు ఖన్నా గారి గదిలో చెప్పింది నేను విన్నాను, ఎందుకంటే నన్నూ పిలిచారు. "సార్, రెండు మెషీన్ల మీద నడిచింది. మూడోదాని మీద నడవలేదంటే తేడా మెషీన్‌లో లేదు, మనిషిలో ఉంది. ఈ లోకల్ వాళ్లకి ఓపిక ఉండదు సార్, నేను ముందే చెప్పాను. ఆ అమ్మాయికి ఫైళ్ల సీటే మేలు."

"విజయ జీ, మీరేమంటారు?" అన్నారు ఖన్నా గారు.

"నేనింకా ఆ మెషీన్ చూడలేదు. చలపతి గారు చూశారా?" అన్నాను.

చూడలేదు. ఆయనకు చూడాల్సిన అవసరం కనపడలేదు. ఇక్కడ మన వాళ్లందరికీ ఈ అలవాటుంది, ఇన్నేళ్లు తిన్న ఉప్పు సాక్షిగా చెబుతున్నాను. మన పని చెడితే నెట్‌వర్క్, కరెంటు, సప్లయరు. వాళ్ల పని చెడితే వాళ్ల రక్తంలోనే ఉంది. నాకు ఒళ్లు మండింది. "వారం ఆగండి సార్, తరవాత ఏ సీటు అన్నది చూద్దాం" అన్నాను.

ఖాళీ షెల్

ఇక ఈ వ్యాసంలో పనికొచ్చే భాగం ఇదొక్కటే, శ్రద్ధగా చదవండి. రెండు చోట్ల ఒకే పని వేర్వేరుగా జరిగితే, ఏం తేడా ఉందో ఊహించకండి. ఊహల్లో మనకు నచ్చినవే వస్తాయి. చలపతి గారికి మనిషి వచ్చినట్టు. అన్నీ తీసేసి, ఖాళీ నుంచి మొదలుపెట్టండి. ఒక్క వేరియబుల్ కూడా లేకుండా షెల్ తెరిచే ఆదేశం ఉంది. తెరిచి, తప్పనిసరివి ఒకటి రెండు చేత్తో ఇచ్చి, కట్టండి. పని జరిగిందా, తీసేసినవి ఒక్కొక్కటిగా తిరిగి పెట్టండి. ఏది పెట్టగానే పడిపోతుందో అదే దొంగ.

నేను షంసా పక్కన కుర్చీ వేసుకున్నాను. ఖాళీ షెల్‌లో స్క్రిప్టు నడిపించాం. అప్పటిదాకా ఆ మెషీన్ మీద ఒక్కసారీ దాటని రెండో దశ చల్లగా దాటిపోయింది. షంసా కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. "అంటే నాది కాదు" అంది. తనకు తనే చెప్పుకుంది, నాకు కాదు.

"నీది కాదు. ఎవరిదో చూద్దాం" అన్నాను.

ఒక్కొక్క వేరియబులూ తిరిగి పెట్టుకుంటూ పోయాం. ఒక్కొక్క ప్రయత్నానికీ రెండు దశలు మళ్లీ కట్టాలి. విసుగు పుట్టించే పని. షంసా మధ్యాహ్నం నమాజుకు వెళ్లొచ్చేది, నేను పులిహోర డబ్బా తెరిచేదాన్ని, తనూ తినేది, కారం అంటూనే తినేది. ఓపిక ఉండదన్నారే, ఆ పిల్ల ఓపిక చూసి నాకే ముచ్చటేసింది. చివరికి ఒక రోజు, ఎవరూ పట్టించుకోని ఒక వేరియబుల్ దగ్గర బండి ఆగింది. మెషీన్ ఏ భాషలో ఉందో చెప్పే వేరియబుల్ అది.

షంసా మెషీన్ అరబిక్‌లో ఉంది.

"అరబిక్‌లో ఎందుకు పెట్టావు?" అని అడిగాను. అడిగాక ఆ ప్రశ్న నాకే అదోలా అనిపించింది.

"ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ భాష అని అడిగింది మేడమ్. నా భాష చెప్పాను" అంది షంసా.

డైరెక్టరీ తెరిచి చూశాం. మొదటి దశలో స్క్రిప్టు మెషీన్‌ను నెల పేరు అడిగింది. మెషీన్ అరబిక్‌లో చెప్పింది. ఆ పేరుతో డైరెక్టరీ తయారైంది, అందులో అసెంబ్లరు బుద్ధిగా కూర్చుంది. రెండో దశలో స్క్రిప్టు ఆ డైరెక్టరీని వెతకాలి. చలపతి గారు అక్కడ పన్నెండు నెలల పేర్లూ ఇంగ్లీషులో రాసిపెట్టి, వాటిలో ఏదుంటే దాన్ని పట్టుకో అన్నారు. స్క్రిప్టు పన్నెండూ వెతికింది, ఒక్కటీ దొరకలేదు. దొరకలేదని చెప్పలేదు. పాత్ వేరియబుల్‌లో ఏమీ చేర్చకుండా ముందుకు పోయింది. పంపు చిప్పుకు చేసిన అసెంబ్లరు కనపడక, కంప్యూటరుకున్న మామూలు అసెంబ్లరుతో పని కానివ్వబోయి తల పగలగొట్టుకుంది.

"ఈ డైరెక్టరీ నేను మొదటి రోజే చూశాను మేడమ్. నెల పేరే కదా, సరిగ్గానే ఉంది అనుకున్నాను" అంది షంసా.

సరిగ్గానే ఉంది మరి. ఆఫీసులో మిగతా మెషీన్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. కాకినాడ, తెనాలి, కొల్లం, లాహోర్, మనీలా నుంచి వచ్చినవాళ్లందరం ఇంగ్లీషులో పెట్టుకున్నాం. ఈ దేశపు భాషలో ఉన్న మెషీన్ ఒక్కటే, ఈ దేశపు మనిషిది. సరిగ్గా దాని మీదే మన స్క్రిప్టు నడవదు. తప్పు మాత్రం ఆ పిల్ల రక్తంలో ఉందని తేల్చేశాం.

స్క్రిప్టు మొదట్లో భాషను మామూలు ఇంగ్లీషుకు మార్చే లైను ఒకటి పెడితే సరిపోతుందని చెప్పాను. అందరూ పెట్టేదే. షంసా తల అడ్డంగా ఊపింది. "అది పెడదాం మేడమ్, వద్దనను. కానీ ముందు ఒకటి చెప్పండి. కంపైలర్‌కి నెలతో ఏం పని?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఖన్నా గారి రిపోర్టు సంగతి చెప్పాను. షంసా చాలాసేపు నవ్వింది, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తరవాత స్క్రిప్టులోంచి పన్నెండు నెలలూ తీసేసింది. తన మెషీన్ అరబిక్‌లోనే ఉంచి మొదటి దశ నుంచి చివరి దశ దాకా కట్టింది.

వాళ్ల కళ్ల ముందు

నీళ్ల ఆఫీసు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఖర్జూరాలు, కహ్వా, అదే అరబ్బు కాఫీ, అయ్యాక షంసా తన మెషీన్ మీద బిల్డు, అంటే కట్టడం, మొదలుపెట్టింది. వాళ్లు అరబిక్‌లో అడిగారు, తను అరబిక్‌లో చెప్పింది. మా ఆఫీసులో టూల్‌చెయిన్ గురించి అరబిక్‌లో మాటలు వినిపించడం నాకు తెలిసి అదే మొదలు. ఖన్నా గారూ చలపతి గారూ చెరోపక్క నిలబడి, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, తాము నేర్పిన పాఠం అప్పజెపుతోందన్నట్టు తల ఊపుతూ నవ్వుతున్నారు.

బిల్డు పూర్తయింది. షంసా ఆ కంపైలర్‌తో చేసిన ప్రోగ్రామును బల్ల మీదున్న కంట్రోలర్‌లో ఎక్కించింది. పచ్చ దీపం వెలిగింది. పెద్దాయన షంసాతో ఏదో అన్నారు, తను తల వంచుకుని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దానికి నేనేం సిగ్గుపడను.

వెళ్లబోతూ ఆయన చలపతి గారి విండో దగ్గర ఆగారు. కాగితం చూసి, ఏమిటిది అని ఇంగ్లీషులో అడిగారు. ఈ విండో మూయకూడదని రాశాం సార్, అన్నారు ఖన్నా గారు.

"ఇన్ని భాషలున్నాయి. అరబిక్ లేదేం?" అన్నారాయన.

"పెట్టిస్తాం సార్, రేపే పెట్టిస్తాం" అన్నారు ఖన్నా గారు.

వాళ్లు వెళ్లాక మమ్మల్ని గదిలోకి పిలిచి షంసా సంగతి ఏం చేద్దామన్నారు. నేను నోరు తెరిచేలోపే చలపతి గారు అందుకున్నారు. "కన్ఫర్మ్ చేసెయ్యండి సార్. మంచి పిల్ల. నేనే దగ్గరుండి ట్రైనింగ్ ఇచ్చాను." ఖన్నా గారు ఆయన భుజం తట్టారు. నాకు మండింది, కానీ షంసాకు ఆ సీటు దక్కింది. ఎవరు డబ్బా కొట్టుకుంటే ఏంలే అనుకుని బయటికొచ్చాను. రిసెప్షన్ పక్కన స్టాంపులు వేసే అమ్మాయి నన్ను ఆపి, "షంసా ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందన్నాను. తను స్టాంపు పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్లింది.

ఇంకో భాష

కన్ఫర్మ్ అయిన నెలలోనే షంసా ఒక నియమం పెట్టింది. ఏ టూల్‌చెయిన్ బయటికి పంపాలన్నా ముందు ఇంగ్లీషులో లేని మెషీన్ల మీద కట్టి చూడాలి. ఒకటి అరబిక్. "రెండోది తెలుగు పెడదాం, మీరిద్దరూ ఉన్నారుగా" అంది.

ఇక్కడ చలపతి గారి గురించి ఇంకో సంగతి చెప్పాలి. మస్కట్‌లో మన వాళ్లు ఉగాదికి చేసుకునే సభలో ప్రతి ఏడూ ఆయన ప్రసంగం ఉంటుంది. పట్టు పంచె కట్టుకుని, అమ్మ భాషను మరిచినవాడు మనిషే కాదని ఊదరగొడతారు. మొదటి వరసలో ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు. ఆ మనిషి షంసా మాట విని కంగారు పడ్డారు.

"తెలుగులో ఎవరు పెట్టుకుంటారమ్మా కంప్యూటరు? అక్షరాలే సరిగ్గా కనపడవు. అభిమానం వేరు, ఆఫీసు పని వేరు" అన్నారు.

షంసా వేళాకోళానికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "అంటే సార్, మీ భాషలో మీ ఊళ్లో కూడా పని జరగదా?"

చలపతి గారు నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. నా మెషీన్ కూడా ఇంగ్లీషులోనే ఉంది, అది తెలుగులో పెట్టుకోవచ్చన్న ఆలోచన నాకూ ఎప్పుడూ రాలేదు. ఆ మధ్యాహ్నం నేనే పెట్టాను. బిల్డు ఎలా జరిగిందో రాసిపెట్టే లాగ్‌లో మొదటి లైను తారీఖు. గురువారం అని తెలుగులో వచ్చింది. ఎంత చిన్న మాట, దాన్ని చూస్తూ చాయ్ చల్లార్చుకున్నాను. ఆ వెంటనే, ఖన్నా గారి రిపోర్టు కోసం ఆ లాగ్ చదివే చలపతి గారి స్క్రిప్టు పడిపోయింది, గురువారం అంటే దానికి తెలియదు.

కాగితం

ఖన్నా గారు మాటిచ్చారు కాబట్టి చలపతి గారు కాగితం మీద అరబిక్ చేర్చాలి. నిజానికి ఆ విండోతో అప్పటికే ఎవరికీ పని లేదు. అన్నీ షంసా స్క్రిప్టులో ఉన్నాయి. కానీ యూపీఎస్ ఉంది, బొట్టు ఉంది, పెద్దాయన అడిగిన మాట ఉంది. చలపతి గారు షంసాతోనే రాయించుకున్నారు. తను అందమైన దస్తూరీతో అన్నిటికంటే పైన, ఒక లైను రాసి ఇచ్చింది. ఆయన మురిసిపోయి లామినేషన్ చేయించి అంటించారు. వచ్చిన ప్రతి ఒమానీకీ వేలు పెట్టి చూపించేవారు. వాళ్లు చదివి నవ్వేవారు. తమ భాషకు గౌరవం ఇచ్చినందుకు సంతోషిస్తున్నారని ఆయన అనుకున్నారు.

నాకు అరబిక్ మాట్లాడటం రాదు గానీ, ఇన్నేళ్లూ షాపుల బోర్డులు చూసి చూసి కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఒక రోజు ఆ లైను కూడబలుక్కున్నాను, అర్థం కాని మాట షంసాను అడిగాను. "దీనితో ఇక అవసరం లేదు, మూసేయవచ్చు" అని ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు.

నీళ్ల ఆఫీసు పెద్దాయన మళ్లీ వచ్చారు. నేరుగా ఆ మెషీన్ దగ్గరికే వెళ్లారు. అద్దాలు పెట్టుకుని కాగితం చదివారు. షంసా వైపు చూశారు, తను నేల చూపులు చూస్తోంది. ఆయన మౌస్ మీద చెయ్యి వేసి, మర్యాదగా, విండో మూసేశారు.

చలపతి గారు చెయ్యి చాచేలోపే అంతా అయిపోయింది. ఖన్నా గారు కుర్చీ పట్టుకున్నారు. ఏమీ కాలేదు. అవతలి గదిలో షంసా బిల్డు దాని పాటికి అది నడుస్తోంది. కొండ మీది ఊళ్లలో పంపులు తిరుగుతూనే ఉన్నాయి. పెద్దాయన కహ్వా తాగి, అందరికీ సలాం చెప్పి వెళ్లిపోయారు.

చలపతి గారు నా దగ్గరికి వచ్చారు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అంత పెద్ద ఆఫీసరు. అరబిక్‌లో అంత స్పష్టంగా రాసి పెట్టాం. ఆయనకి చదవడం రాదంటారా విజయ గారూ?"

"వచ్చండీ" అన్నాను. "చదివే మూశారు."